మెడ మంచిది కాదనే ముందు కాడి ఎత్తి చూడండి

ఈసారి రాసింది కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి. సేద్యం మొత్తం ట్రాక్టరు మీదే నడిపేవాళ్లకి ఇది అక్కర్లేకపోవచ్చు. పత్తిలో, మిరపలో, కందిలో గుంటక తోలటానికి ఇంకా ఒక జత ఎడ్లని కొట్టంలో ఉంచుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. అలాంటివాళ్లు తక్కువైపోయారని అంటారు గానీ, ఎకరం రెండెకరాల వాడికి సాళ్ల మధ్య పని పడితే ఇప్పటికీ ఎద్దే దిక్కు.

సంతలో ప్రతి వారం వినపడే మాట ఒకటుంది. "ఎద్దు బాగుంది గానీ మెడ మంచిది కాదు." ఆ ఒక్క మాటతో బేరం ఎక్కడికో పడిపోద్ది. నాలుగు పళ్లు, ఆరు పళ్లు వేసిన కోడె, కాళ్లు బాగున్నై, నడక బాగుంది, పొగరు లేదు. మెడ మీద మాత్రం పుండు మాని మాని మళ్లీ లేచిన మచ్చ. దాన్ని సేద్యగాడు కొనడు. కొనేవాడు వేరే ఉంటాడు, ఆ లారీ ఎటు పోద్దో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నా మాట ఏంటంటే, నిజంగా మెడ చెడ్డ ఎడ్లు చాలా తక్కువ. కాడి కుదరని ఎడ్లు ఎక్కువ. కాడిది తప్పయితే శిక్ష ఎద్దుకి పడుతోంది. కొత్త చెప్పు కరిస్తే చెప్పు మారుస్తాం, లేకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి కాస్త సాగదీయిస్తాం. కాలు మంచిది కాదని ఎవరం అనుకోం. ఎద్దు విషయంలో మాత్రం కాలునే తప్పు పడుతున్నాం.

ఇదివరకు ఇంత లేదు. ఊళ్లో వడ్రంగి ఉండేవాడు, ఏడాదికి ఇంత గింజలని ఇచ్చేవాళ్లం. కొత్త జత కడితే ఆయనే కొట్టం దగ్గరికి వచ్చి, ఎడ్ల మెడలు తడిమి చూసి, బాడిశతో నాలుగు దెబ్బలు చెక్కి, మళ్లీ పెట్టి చూసి, ఇంకో రెండు చెక్కి ఇచ్చేవాడు. మనకి అదేదో చాదస్తంలా ఉండేది. ఇప్పుడా పని వెల్డింగ్ షాపుకి పోయింది. రెండంగుళాల ఇనప పైపు, రెండు పక్కలా నాలుగు సీలలు వెల్డింగు, మధ్యలో ఒక కొక్కెం. పొద్దున చెప్తే సాయంత్రానికి చేతికిస్తాడు, ఏ ఎద్దుకైనా అదే. ఆయన్ని అనటానికి లేదు, మనం అడిగింది చేశాడు. అడగటమే మానేశాం మనం.

కాడి ఏం చేస్తదో ఒకసారి లెక్కేసి చూద్దాం. మన ఎద్దు మూపురంతో లాగుద్ది. కాడి మెడ మీద కూర్చుంటది, అడుగు ముందుకేస్తే వెనక్కి జరిగి మూపురం ముందు భాగానికి ఆనుకుంటది. అంటే అక్కడ రెండు బలాలున్నై. ఒకటి పైనుంచి మెడని నొక్కేది, రెండోది మూపురాన్ని వెనక్కి తోసేది. 

ఎద్దు రోజంతా నిలకడగా లాగగలిగేది దాని బరువులో పదో వంతు, మహా అయితే కొంచెం పైన. ఒక్కోటి 400 కిలోలున్న జత అనుకోండి, 80 కిలోల దాకా. గుంటకకి 60 కిలోల లాగుడు పడుతోందనుకుందాం. అంటే ఒక్కో మూపురం మీద 30 కిలోల తోపుడు, అడుగడుక్కీ, పూటంతా. ఇనప పైపు గుండ్రంగా ఉంటది కాబట్టి తోలుకి తగిలేది సన్నని గీత లాంటి చోటే. ఒక అంగుళం వెడల్పు, ఆరంగుళాల పొడుగు అనుకుంటే ఆరు చదరపు అంగుళాలు. అంగుళానికి ఐదు కిలోలు. అదే చెక్కి కుదిర్చిన కొయ్య కాడి మూడంగుళాల వెడల్పున, ఎనిమిదంగుళాల పొడుగున తగిలిందనుకోండి, 24 చదరపు అంగుళాలు, అంగుళానికి కిలోంబావు. అదే ఎద్దు, అదే గుంటక, అదే చేను. నొక్కుడు నాలుగో వంతుకి పడిపోయింది. ఇందులో మందు లేదు, మాయ లేదు.

పైనుంచి పడే నొక్కుడు కూడా మన చేతిలో ఉన్నదే. కాడి నేలకి 4 అడుగుల ఎత్తున ఉండి, గుంటక పలక కాడికి 8 అడుగుల వెనక నడుస్తుంటే, 60ని 4తో గుణించి 8తో భాగించండి. జత మెడల మీద సుమారు 30 కిలోలు కిందికి నొక్కుతున్నట్టు. అదే పలక 10 అడుగుల వెనక నడిస్తే 24 కిలోలు. కట్టు రెండడుగులు జరిపినందుకు జతకి 6 కిలోల బరువు దిగింది. మరీ దూరం కడితే లోతు మారుద్ది, గట్టు దగ్గర మలుపు తిరగటం ఇబ్బందవుద్ది, అది చూసుకోవాలి. కానీ పుండు లేచే ఎద్దు ఉన్నవాళ్లు ముందు ఈ కట్టు సంగతి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒక్కో ఎద్దు మెడ ఒక్కో తీరు. సంతలో చెడ్డ మెడ అనిపించుకునేవి నాకు తెలిసి ఎక్కువగా ఈ రకాలే.

పల్చటి మెడ. తోలు కింద కండ లేక మధ్యలో గట్టు లేచి కనపడుద్ది. చిన్నప్పుడే విత్తులు కొట్టించిన కోడెల్లో ఇది ఎక్కువ. ఆలస్యంగా కొట్టిస్తే మెడా మూపురమూ దిట్టంగా తయారవుతై, తొందరగా కొట్టిస్తే సన్నగా ఉండిపోతై. దీనికి చదునైన కాడి పెడితే బరువంతా ఆ గట్టు మీదే పడుద్ది. కాడి అడుగున మధ్యలో పల్లం తియ్యాలి, బరువు గట్టుకి అటూ ఇటూ ఉన్న కండ మీద కూర్చోవాలి. అలాగని పల్లం మరీ లోతుగా, ఇరుగ్గా తీస్తే పక్కలు పట్టకారులా పట్టేస్తై, అదింకో పుండు. చెయ్యి దూర్చి చూస్తూ కొంచెం కొంచెంగా చెక్కాల్సిన పని ఇది. అందుకే బాడిశ పట్టినవాడు కావాలి.

గుర్రాల వాళ్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. గుర్రం మెడ దిగి వీపు మొదలయ్యేచోట ఒక ఎముక గట్టు ఉంటది. కొన్నిటికి అది కత్తి అంచులా లేచి ఉంటది, కొన్నిటికి అసలు తెలియనే తెలియదు. లేచినదానికి మామూలు జీను వేస్తే గట్టు ఒరుసుకుపోద్ది, గట్టు లేని గుండ్రటి వీపుకి వేస్తే జీను పక్కకి తిరిగిపోద్ది. అందుకని వాళ్లు వంగే కడ్డీని వీపు మీద వంచి, ఆ వంపుని కాగితం మీద గీసుకుని, దాన్నిబట్టి జీను చూసుకుంటారు. మనం కూడా చెయ్యొచ్చు ఆ పని. వంచితే వంగి, వదిలితే అలాగే ఉండే మెత్తటి లావు తీగ రెండు పేటలు మెలేసి, మూపురానికి ముందు కాడి కూర్చునేచోట మెడ మీద అద్దినట్టు వంచండి. తీసి అట్టముక్క మీద పెట్టి గీత గియ్యండి. ఎలపట ఎద్దుకొకటి, దాపట ఎద్దుకొకటి. ఆ రెండు అట్టలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటది. ఒకే ఈడు, ఒకే జాతి, ఒకే సంతలో కొన్న జత అయినా గీతలు కలవవు. వడ్రంగి పక్కూళ్లో ఉంటే ఎడ్లని తోలుకుపోనక్కర్లేదు, అట్టలు పట్టుకుపోతే చాలు.

రెండో రకం, పొట్టి మెడ, ముందుకొచ్చిన మూపురం. దీనికి కాడి కూర్చునే చోటే ఉండదు. పెట్టిన కాడి తలవైపుకి ఎగబాకుద్ది, అప్పుడు గొంతు కింద కట్టిన జోతి బిగుసుకుంటది. ఎద్దు నోరు తెరిచి రొప్పుతుంటే దమ్ము లేనిదని అనుకుంటాం. జోతి కిందకి నాలుగు వేళ్లు దూర్చి చూడండి, దూరకపోతే దమ్ము ఎక్కడికి పోయిందో తెలుస్తది. దీనికి కాడి పల్లం వెడల్పుగా, పైపైన ఉండాలి, సీలలు కాస్త ఎడంగా ఉండాలి. జోతి సన్నటి నైలాన్ తాడు కాకుండా వెడల్పాటి పట్టీ ఉండాలి. గంగడోలు దగ్గర తోలు పల్చన, నైలాన్ తాడు అక్కడ కోసుకుపోద్ది.

బండి కట్టేవాళ్లు ఇంకోటి చూడాలి. బండి వెనక బరువైతే నొగ పైకి లేచి జోతి గొంతుని పట్టుద్ది, ముందు బరువైతే మెడ కుంగుద్ది. బరువు ఎత్తాక ఎడ్లని కట్టకముందు నొగ కొసని చేత్తో లేపి చూడండి. కొంచెం బరువు తగలాలి, అంతే. మూటలు ఒక జానెడు వెనక్కో ముందుకో జరిపితే సరిపోయేదానికి ఎద్దు రోజంతా మోస్తది.

మూడోది పక్కకి వాలిన మూపురం. వయసు మళ్లిన, బాగా మేసిన ఒంగోలు ఎడ్లలో చూస్తుంటాం. కాడి వెనక అంచు మూపురానికి ఒకవైపే తగులుద్ది, ఆ ఒక్కవైపే కాయ కాసి, పగిలి, పుండవుద్ది. కాడి వెనక అంచుని కూడా ఆ వాలుకి తగ్గట్టు గుండ్రంగా చెక్కాలి. మనం ఎప్పుడూ కాడి అడుగునే చూస్తాం, వెనక అంచు చూడం. ఎద్దు తోసేది ఆ అంచునే.

ఇప్పుడు జత సంగతి. నా ఉద్దేశంలో సగం పుండ్లకి మూలం ఇక్కడే ఉంది. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. కాడి పొట్టిదాని వైపుకి వాలుద్ది, వాలి ఆ వైపుకే జారుద్ది, సీల మెడ పక్కన ఒరుసుకుంటది. ఎత్తుదానికి ఒకవైపు అంచు గుచ్చుకుంటది. రెండిటికీ చెరో చోట పుండు, మనం రెండిటినీ తిడతాం. ఎత్తుదాని వైపు కాడి కాస్త లోతు చెక్కించండి. పొట్టిదాని వైపు అడుగున చెక్క దిమ్మ బిగించి, ఆ దిమ్మకి పల్లం తీయించండి. కాడి నేలకి సమానంగా నిలబడాలి. వేళ్ల మందం తేడాలు ఇలా సరిపోతై. జానెడు తేడా ఉన్న జతని మాత్రం కలపొద్దు, దానికి ఏ వడ్రంగీ ఏమీ చెయ్యలేడు.

బలంలో తేడా ఉంటే ఇంకో కిటుకు ఉంది, పాత రైతులందరికీ తెలిసిందే. మధ్య కట్టుని బలమైన ఎద్దు వైపుకి జరపటం. ఎంత జరిపితే ఎంత తేడానో లెక్క చెప్తా. రెండు మెడల మధ్య దూరం 48 అంగుళాలనుకోండి. సరిగ్గా మధ్యలో కడితే చెరిసగం. రెండంగుళాలు బలమైనదాని వైపుకి జరిపితే ఇటు 22, అటు 26. నూరు కిలోల లాగుడులో బలమైనది 54, బలహీనమైనది 46 మోస్తది. నాలుగంగుళాలు జరిపితే 58, 42. కోడెని ముదురు ఎద్దుతో కలిపి అలవాటు చేసేటప్పుడు ఇది బాగా పనికొస్తది. వెల్డింగు కాడికి ఈ వీలు లేదు, కొక్కెం ఒకచోట అతికించేశాడు కదా. కనీసం మూడు చోట్ల కొక్కేలు పెట్టించుకోండి.

మా ఊళ్లో ఒకాయన జతలో దాపట ఎద్దుకి కుడివైపు మెడ మీదే పుండు వచ్చేది. మందులు మార్చాడు, దాన్ని మార్చేద్దామని బేరం కూడా పెట్టాడు. పక్కూరి వడ్రంగి చుట్టపు చూపుగా వచ్చినప్పుడు కాడి తిరగేసి చూశాడంట. ఆ వైపు సీల వెల్డింగులో ఇనుము కరిగి బఠాణీ గింజంత బుడిపె మిగిలిపోయింది. ఆకురాయితో పావుగంట పని. ఎద్దు ఇప్పటికీ వాళ్ల కొట్టంలోనే ఉంది.

మెత్తల గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. పుండు కనపడగానే మనం చేసే మొదటి పని గోనె చుట్టటం. తర్వాత దుప్పటి ముక్క, తర్వాత స్పాంజి, తర్వాత ట్యూబు ముక్క. కుదిరిన కాడికి మెత్త పెడితే మంచిదే. కుదరని కాడికి మెత్త పెడితే ఇరుకు చెప్పులోకి మందపాటి మేజోడు తొడిగినట్టు, ఇంకా బిగుసుద్ది. స్పాంజి గంటలో అణిగి అట్టయిపోద్ది. ట్యూబు ముక్క కింద చెమట ఆరదు, తడిసిన తోలు తొందరగా లేస్తది. గోనె ముడతలు పడి ఆ ముడతే పుండు చేస్తది. ఇంకొందరు పుండు ఉన్నచోట మెత్తకి బెజ్జం చేసి పెడతారు. పుండుకి తగలదు నిజమే, బెజ్జం అంచు చుట్టూ నొక్కి పుండు చుట్టూతా వాపు తెస్తది. పుండున్న ఎద్దుని కట్టకపోవటం ఒక్కటే దానికి దారి.

కాడి కుదిరిందో లేదో తెలుసుకోవటానికి పెద్ద చదువేం అక్కర్లేదు. కాడి అడుగున జాజు గానీ తడి సున్నం గానీ పల్చగా పూసి, మెడ మీద పెట్టి, రెండు సాళ్లు తోలి దించండి. మెడకి రంగు ఎక్కడ అంటిందో చూడండి. వెడల్పున సమానంగా అంటితే మంచిదే, ఒక్కచోటే గీతలా అంటితే చెక్కాల్సింది కాడికి ఆ గీత తగిలేచోటే. చూడటం అయిపోగానే మెడ కడిగేయండి, సున్నం ఉంచొద్దు. రెండోది, అరగంట తోలాక కాడి ఎత్తి మెడ చెమట చూడండి. చుట్టూ తడిసి మధ్యలో పొడిగా ఉన్న చోటు ఉంటే అక్కడ గట్టిగా నొక్కుతోందని. వెంట్రుకలు విరిగి చెదిరి ఉంటే కాడి జారి రాసుకుంటోందని. జీను నొక్కి దెబ్బతిన్నచోట గుర్రాలకి తెల్ల వెంట్రుకలు మొలుస్తై, దాన్నిబట్టి పాత దెబ్బ పట్టేస్తారు. మన ఒంగోలు ఎద్దు ఒళ్లే తెలుపాయె, అందులో ఏం కనపడుద్ది! చేత్తో తడిమే చూడాలి. వేడిగా ఉందా, ముట్టుకుంటే తోలు జలదరిస్తుందా, లోపల గడ్డలా తగులుతుందా. సంతలో కొనేటప్పుడు కూడా కళ్లతో కాదు, చేత్తో చూడండి.

మెడలు చెడేది ఎప్పుడో గమనించారా? ఎక్కువగా ఏరువాక రోజుల్లో. ఎండాకాలమంతా ఎద్దు ఖాళీగా ఉంటది, మేత లేక చిక్కుద్ది, మెడ మీద గట్టిపడ్డ తోలు మెత్తబడుద్ది. తొలకరి పడగానే అందరికీ ఒక్కసారే తొందర. చిక్కిన మెడ, మెత్తటి తోలు, పైన వాన తడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని. మూడోనాటికి వాపు. పోయిన ఏడు కుదిరిన కాడి ఈ ఏడు కుదరకపోవటానికి కారణం కూడా ఇదే, చిక్కిన ఎద్దుకి మెడ కొలత మారింది. జ్యేష్ఠ పున్నమికి కొమ్ములకి రంగులు వేస్తాం, కాడికి పసుపు రాసి బొట్టు పెడతాం. అదే చేత్తో కాడి అడుగు ఒకసారి తడిమితే ఎంత బాగుంటది! వానకి పది రోజుల ముందే రోజుకి అరగంట, తర్వాత గంట, ఉత్త కాడితోనో తేలికపాటి పనితోనో తిప్పండి. తడిసిన మెడ తుడవకుండా కాడి పెట్టొద్దు.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి, మన వాళ్లలో చాలామందికి ఇది తెలియదు. బండి లాగే, బరువు మోసే జంతువుల మీద 1965లోనే కేంద్రం నియమాలు చేసింది. గుచ్చుకునే ముళ్లు గానీ బుడిపెలు గానీ ఉన్న కాడి వాడకూడదని అందులో ఉంది. గుర్రం జీను ఎముక గట్టు మీద నేరుగా ఆనకూడదు, మధ్యలో ఖాళీ ఉండాలని కూడా రాశారు. రోజుకి 9 గంటలకి మించి పని చేయించకూడదు, 5 గంటలు ఆపకుండా చేయించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. గుర్రం గట్టుకి జీను తగలకూడదని విడిగా రాసినవాళ్లు, ఎద్దు మెడకి కాడి ఎంత వెడల్పున ఆనాలో ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది. బెంగళూరు ఐఐఎం మొదటి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి గారు ఎడ్లబండి మీద, కాడి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అంత పెద్ద చదువుల బడి నడిపినాయన ఎద్దు మెడ గురించి ఆలోచించాడు. మనం మన కొట్టంలో ఉన్నదాని గురించి ఆలోచించటం లేదు.

"కొయ్య కాడికి అంత పెట్టాలా" అంటారు. లక్షలు పోసి జత కొంటాం, మువ్వల పట్టెడలు కొంటాం, కాడి దగ్గరికొచ్చేసరికి వందలు లెక్కేస్తాం. బండలాగుడు పోటీలకి గిత్తల్ని దించేవాళ్లని చూడండి, పందెం ముందు కాడినీ కట్టునీ ఎన్నిసార్లు తడిమి చూసుకుంటారో. పందెం కాసేపే. మన ఎద్దుకి పందెం రోజూ. పుండు పడి పది రోజులు ఎద్దు కొట్టంలో నిలబడితే గుంటకకి బాడుగ ఎంతవుద్దో వేసుకోండి, అదును తప్పిన చేనులో కలుపు ఎంత పెరుగుద్దో వేసుకోండి, అప్పుడు వడ్రంగి కూలి ఎక్కువో తక్కువో తెలుస్తది. కొయ్య దొరక్కపోతే, వడ్రంగి లేకపోతే, పైపు కాడికే మెడ కూర్చునేచోట రెండు చెక్క దిమ్మలు బోల్టులతో బిగించి, వాటి అడుగుని మెడకి తగ్గట్టు చెక్కించుకోండి. బోల్టు తలలు చెక్కలోకి దిగిపోవాలి, పైకి ఉండకూడదు. చెక్క మీద ఆకురాయి పట్టించి, నున్నగా చేసి, ఆముదం పూయండి. ఇది నడిమధ్య దారి, అయినా ఉత్త పైపు కంటే వంద రెట్లు మేలు. ఎండలో పెట్టిన ఇనప కాడిని ఎప్పుడైనా మీ మెడ మీద పెట్టి చూసుకున్నారా? మధ్యాహ్నం పూట పెట్టి చూడండి ఒకసారి.

అన్నీ కాడి మీదికే నెట్టటం కూడా న్యాయం కాదు. మూపురం మీద మానకుండా రసి కారే పుండ్లలో కొన్ని ఈగల వల్ల వ్యాపించే సన్నటి పురుగుతో వచ్చేవి కూడా ఉంటై, కాడి మొహం చూడని ఆవులకీ వస్తై. లోపల చీము గడ్డలుంటై, కంతులుంటై. వేడిగా ఉన్న కొత్త వాపుకి పని ఆపి చల్లటి నీళ్ల గుడ్డ వేయండి. గడ్డని ఇంట్లో కత్తితో పొడవొద్దు, కాల్చి వాతలు అసలే పెట్టొద్దు. పశువుల డాక్టరుకి చూపించండి, దూరమైతే 1962కి ఫోన్ చేయండి. పుండు మీద పొక్కు రాలి కొత్త తోలు గట్టిపడేదాకా కాడి ఎత్తొద్దు. ఇన్ని చేసి, కాడి మార్చి, కట్టు మార్చి చూసినా లేచే మెడ ఉంటే ఉంటది, కాదనను. దాన్ని సేద్యం నుంచి తప్పించి అమ్మేటప్పుడు పుండుకి మసి పూసి, పసుపు పూసి దాచొద్దు. కొన్న ఇంకో రైతు మూడోనాడు తెలుసుకుంటాడు, ఆ మూడు రోజులూ ఎద్దు ఆ నొప్పితోనే లాగుద్ది.

ఇంకో చిన్న పని. మీ చుట్టుపక్కల మెడ చూసి కాడి చెక్కే వడ్రంగి ఇంకా ఎవరైనా ఉంటే ఆ ఊరి పేరు రాయండి, ఊరు చాలు. పల్నాడు, ప్రకాశం, నంద్యాల, కర్నూలు వైపు ఒకటి, ఆదిలాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఒకటి రెండు పట్టికలు తయారు చేసి, వానలు పడకముందే ఇక్కడ పెడతాను.